వాక్యూమ్ క్లీనర్ అడుగున మూడు మూలల స్క్రూలు – ఇవి ఏమిటి, దేనితో విప్పాలి?

గోరింట

అందరికీ నమస్తే. మా వాక్యూమ్ క్లీనర్ కొన్నాళ్లుగా గాలి సరిగ్గా లాగడం లేదు. సంచి మార్చాను. ఫిల్టర్ కడిగి బాగా ఆరబెట్టి పెట్టాను. గొట్టంలో ఏమైనా అడ్డం పడిందేమోనని పైనుంచి గోళీ వదిలితే సాఫీగా జారి కింద పడింది. మోటారు మాత్రం మునుపటికన్నా సన్నగా కీచుమంటోంది. మోటారుకి ముందు ఎక్కడో ఏదో ఇరుక్కుందని నా అనుమానం.

తిరగేస్తే అడుగున ఐదు గుంటలున్నాయి. మూడింట్లో మామూలు ప్లస్ స్క్రూలు, అవి వచ్చేశాయి. వెనక చక్రాల దగ్గర ఉన్న రెండే పేచీ. గుంట సన్నం, లోతు ఎక్కువ. పెన్సిల్ దింపితే సగం వరకు పోతోంది. టార్చి వేస్తే తల మీద మూడు మూలలదేదో కనిపిస్తోంది. అది ముక్కోణం రంధ్రమో, మధ్యలోంచి మూడు గీతలు చీలాయో ఆ లోతులో తెలియడం లేదు. ఫొటో తీశాను గానీ అందులో చీకటే ఎక్కువ.

దీన్ని ఏమంటారు? ఏ బిట్ (స్క్రూడ్రైవర్ పిడికి తగిలించే మొన) అడగాలి? ఇంకో సందేహం: మామూలు స్క్రూ కాకుండా ఇలాంటిది పెట్టారంటే లోపల చెయ్యి పెట్టొద్దని చెప్పడమా?

తొందర

సన్నటి మైనస్ స్క్రూడ్రైవర్ తీసుకోండి. మొన ఒక మూల నుంచి ఎదుటి భుజానికి అడ్డంగా బిగుతుగా ఆనాలి. ఆనిందంటే తిప్పేయండి, వచ్చేస్తుంది. రెండు స్క్రూల కోసం బిట్ల సెట్టు దేనికండీ.

పాతరెంచి

తొందర గారి పద్ధతి వదులుగా ఉన్న స్క్రూకి సరిపోతుంది. బిగిసిపోయిన దానికి మాత్రం వద్దు. మైనస్ మొన ఆ తలలో రెండు మూడు చోట్లే ఆనుతుంది, తిప్పగానే ఆ చోట్ల లోహం నలిగిపోతుంది. ఆ తర్వాత అసలు బిట్ తెచ్చినా కూర్చోదు. తల పైకి కనిపించే చోటైతే హ్యాక్‌సా బ్లేడుతో గాడి కోసుకుని బయటపడొచ్చు. పెన్సిల్ సగం దిగేంత లోతులో తల పాడైతే బ్లేడు పోదు, పట్టుకారు పోదు, ఇక డ్రిల్ పెట్టి తల లేపేయాలి. గోరింట గారూ, ప్రస్తుతానికి అందులోకి ఏదీ దూర్చకండి.

ముందు అదేమిటో తేల్చుకుందాం. లోతు గుంటలో టార్చి వెలుగు అంచుల మీదే మెరుస్తుంది కాబట్టి కంటినీ ఫొటోనీ నమ్మలేం. పిల్లలు ఆడుకునే రంగుమట్టి చిన్న ఉండంత తీసుకుని పెన్సిల్ వెనక మొనకి గట్టిగా అద్దండి. దాని మీద కాస్త టాల్కం పౌడర్ పూయండి. లేకపోతే మట్టి స్క్రూ తలకే అంటుకుని అక్కడే ఉండిపోతుంది. నిటారుగా దింపి, నొక్కి, మెలి తిప్పకుండా పైకి లాగండి. తల అచ్చు పడుతుంది. దాన్ని స్కేలు పక్కన పెట్టి పగటి వెలుతుర్లో చూడండి.

అచ్చు మీద నిండు ముక్కోణం ఉబ్బెత్తుగా వస్తే అది ట్రయాంగిల్ తల. బిట్ మీద టీఏ అని ఉండి పక్కన అంకె ఉంటుంది. టీఏ20 అంటే 2 మిల్లీమీటర్లది, టీఏ23 అంటే 2.3, టీఏ27 అంటే 2.7. బొమ్మల్లో, హీటర్లలో, వాక్యూమ్ క్లీనర్లలో ఎక్కువగా తగిలేది ఇదే. అలా కాకుండా మూడు సన్న రెక్కలు వస్తే అందులో మళ్లీ రెండు రకాలు. రెక్కలు సరిగ్గా నడిమధ్యలో కలిసి ఇంగ్లీషు వై అక్షరంలా ఉంటే ట్రై-పాయింట్. కలవకుండా ఒక్కోటి కొద్దిగా పక్కకి జరిగి ఉంటే ట్రై-వింగ్. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ ఒకదాని బిట్ రెండోదానిలో సరిగ్గా దిగదు. సైజు ఎటూ తేలకపోతే ఎప్పుడూ పెద్ద బిట్‌తో మొదలుపెట్టి, దిగకపోతేనే చిన్నదానికి రండి. చిన్నది దిగిందంటే సరిపోయిందని కాదు. దిగాక ఇటూ అటూ కదిపి చూడండి. ఆడిందంటే అది ఆ తలకి కాదు.

మీరడక్కపోయినా ఇదొకటి చెప్పాలి, ఎందుకంటే నా బల్ల మీదికి వచ్చే పాడైన తలల్లో వింతవాటికన్నా మామూలు ప్లస్ తలలే ఎక్కువ. ప్లస్ అంటే ఒకటే అనుకుంటారు. కాదు. 1936లో పేటెంట్ పొందిన ఫిలిప్స్ తల ఒకటి. దాని గోడలు వాలుగా ఉంటాయి, అందుకే బలంగా తిప్పితే బిట్ పైకి తన్నుకొస్తుంది. ప్లస్ గీతల మధ్య నాలుగు సన్న గీతలు అదనంగా, ఐమూలగా కనిపిస్తే అది పోజిడ్రివ్. దానికి పీజెడ్ అని ఉన్న బిట్ కావాలి. తల మీద ఒక చిన్న చుక్క ఉంటే జపాన్ ప్రమాణం ప్రకారం చేసినది. దానిలో ఫిలిప్స్ మొన పూర్తిగా దిగదు. ఈ మూడింటినీ ఒకే స్క్రూడ్రైవర్‌తో లాగించేసి, స్క్రూది నాసిరకం అంటారు. సైజు కూడా అంతే: సన్న స్క్రూలకి పీహెచ్1 (పీహెచ్ అంటే ఫిలిప్స్), 3.5 నుంచి 5 మిల్లీమీటర్ల వాటికి పీహెచ్2.

ఆరు రేకుల పువ్వులా ఉంటే టార్క్స్. దాని గోడలు నిటారుగా ఉంటాయి, బిట్ పైకి తన్నదు, అందుకే 1967లో వచ్చిన ఆ తల ఇప్పుడు ప్రతి సామానులోనూ ఉంది. నడిమధ్యలో చిన్న పుల్ల లేచి ఉంటే మధ్యలో రంధ్రం ఉన్న బిట్ కావాలి. పుల్ల లేనిదైతే ఆరు మూలల అలెన్ కీ దాంట్లో దూరుతుంది, పట్టినట్టే ఉంటుంది, బిగువు వచ్చేసరికి ఆరు రేకుల్నీ గుండ్రంగా అరగదీస్తుంది. రెండు చిన్న రంధ్రాలున్న తల అయితే పాత మైనస్ స్క్రూడ్రైవర్ మొన మధ్యలో ఆకురాయితో గాడి చేసి రెండు కొమ్ములు మిగిల్చుకోవచ్చు, నా దగ్గర అలా చేసుకున్నవి చాలానే ఉన్నాయి. కోడిగుడ్డు ఆకారంలో తల పైకి లేచి ఉంటే అది కాఫీ మిషన్లలో కనిపించే రకం, దానికి అదే ఆకారం గుంట ఉన్న బిట్ కావాలి. బిగించే వైపు గాడి నిటారుగా, విప్పే వైపు వాలుగా కోసి ఉంటే అది విప్పడానికి పెట్టిన స్క్రూ కాదు. దాని జోలికి వెళ్లేముందు ఎందుకు పెట్టారో ఆలోచించండి.

ఇక మీ చివరి ప్రశ్న. వైరున్న వాక్యూమ్ క్లీనర్ అయితే ప్లగ్ తీసి పక్కన పడేశాక మోటారు దాకా వెళ్లడంలో పెద్ద భయం లేదు. ఒక్క చోట మాత్రం ఆగండి. వైరుని లోపలికి లాగి చుట్టుకునే చక్రం ఉంటుంది చూడండి, దాని లోపల చుట్ట చుట్టిన ఉక్కు స్ప్రింగు బిగబట్టి కూర్చుని ఉంటుంది. దాని మూత తెరిస్తే అది ఒక్కసారిగా విచ్చుకుంటుంది, చేతినీ కంటినీ చూడదు. చక్రాన్ని మొత్తంగా పక్కకి తీసి పెట్టండి, దాన్ని మాత్రం విప్పకండి. మీది బ్యాటరీతో నడిచేదైతే ముందే చెప్పండి, అది వేరే లెక్క. ఇదే ప్రశ్న మైక్రోవేవ్ గురించి అడిగుంటే నేను బిట్ పేరు కూడా చెప్పేవాణ్ణి కాదు. అందులో కెపాసిటర్ అని కరెంటు నిల్వ ఉంచుకునే భాగం ఉంటుంది, అది ప్లగ్ తీసేశాక కూడా వేల వోల్టులు పట్టుకుని ఉండగలదు.

ఇంకా వారంటీ ఉందా? ఉంటే ఇక్కడితో ఆపేసి వాళ్లకే ఇవ్వండి.

గీటుబద్ద

పాతరెంచి గారు కంపెనీల వైపు నుంచి మెత్తగా చెప్పారు. నాకు అంత మెత్తగా లేదు. మైక్రోవేవ్‌కి పెట్టారంటే అర్థం ఉంది. ఫిల్టర్ వెనక ఇరుక్కున్న చెత్త తీయడానికి అడ్డంగా ముక్కోణం స్క్రూ పెట్టడంలో ఏ భద్రతా లేదు, రిపేరుకి తమ దగ్గరికే రావాలన్న లెక్క తప్ప. ఇదే బాడీకి మూడు ప్లస్, రెండు ట్రయాంగిల్ పెట్టారంటేనే తెలుస్తోంది కదా. భద్రతే కారణమైతే ఐదూ అవే ఉండాలి.

యూరప్‌లో ఈ గొడవ చట్టం దాకా వెళ్లింది. బట్టలుతికే యంత్రాలు, ఫ్రిజ్‌లు, గిన్నెలు కడిగే యంత్రాల్లో కొన్ని ముఖ్యమైన విడిభాగాలు మామూలుగా దొరికే పనిముట్లతో, యంత్రాన్ని శాశ్వతంగా పాడుచేయకుండా మార్చగలిగేలా ఉండాలని యూరోపియన్ యూనియన్ నియమం 2021 మార్చి నుంచి అమల్లో ఉంది.

పాతరెంచి

గీటుబద్ద గారూ, ఆ మాటకి నేను అడ్డు చెప్పను. ఒక్కటే అంటాను. కొన్నిసార్లు ఆ రెండు స్క్రూలు ఎక్కడున్నాయో చూస్తే లోపల ఏముందో తెలుస్తుంది. ఈవిడ చెప్పిన చోటు వెనక చక్రాల పక్కన. చాలా వాక్యూమ్ క్లీనర్లలో వైరు చుట్టే చక్రం ఉండేది ఆ చోటే.

గోరింట

వైరున్నదే, వారంటీ ఎప్పుడో అయిపోయింది. మట్టి ఉపాయం బ్రహ్మాండంగా పనిచేసింది. నిండు ముక్కోణమే పడింది. బిట్లు తెప్పించాను, టీఏ27 దిగలేదు, టీఏ23 కదలకుండా కూర్చుంటోంది. అంటే, కూర్చోవాలి. అసలు చిక్కు ఇప్పుడొచ్చింది. బిట్ పొట్టిది, దాన్ని పట్టుకునే హోల్డర్ లావు. హోల్డర్ గుంట నోటి దగ్గరే ఆగిపోతోంది. ఒట్టి బిట్‌ని గుంటలో వేసి చూశాను కాబట్టి సరిపోతుందని తెలుసు, తిప్పే మార్గమే లేదు. ఆ బిట్‌ని మళ్లీ అయస్కాంతంతో పైకి తీయాల్సి వచ్చింది.

పాతరెంచి

అది అందరికీ వచ్చేదే, సెట్టు అమ్మేవాళ్లు చెప్పరు. మీ దగ్గరున్నది 25 మిల్లీమీటర్ల బిట్. అదే టీఏ23 పొడుగు కాడతో 100, 150 మిల్లీమీటర్లలో కూడా వస్తుంది. కాడ ఆరు పలకలది, పలక నుంచి పలకకి 6.35 మిల్లీమీటర్లు, మూల నుంచి మూలకి ఏడుకి కొంచెం పైన. పెన్సిల్ పోయే గుంటలో అది పోవచ్చు, గుంట వెడల్పు స్కేలుతో ఒకసారి చూసుకోండి. హోల్డర్ గుంట బయటే ఉండిపోతుంది. పొడుగు కాడది దొరక్కపోతే పిడితో కలిసి ఉన్న సన్న ట్రయాంగిల్ స్క్రూడ్రైవర్ అడగండి.

వచ్చాక యంత్రాన్ని నేల మీద బోర్లించి, స్క్రూడ్రైవర్ మీద మీ బరువు వేసి నిలబెట్టి, మొదటి తిప్పు చేత్తోనే, మెల్లగా తిప్పండి. తిప్పే బలం కన్నా నొక్కే బలం ఎక్కువ ఉండాలి. కరెంటు స్క్రూడ్రైవర్ ఈ పనికి వద్దు. చేతికి తల జారబోతున్న సంగతి ముందే తెలుస్తుంది, మోటారుకి తెలియదు. కదలకపోతే నూనె స్ప్రేలు కొట్టకండి. అవి లోహంలో తుప్పు పట్టినవాటికి, ఇది ప్లాస్టిక్‌లో దిగిన స్క్రూ. పైగా కొన్ని ప్లాస్టిక్‌లు వాటికి పగుళ్లిస్తాయి. దానికి బదులు ముందు బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పి, పట్టు వదిలిన చప్పుడు విని, అప్పుడు విప్పే వైపు తిప్పండి.

ప్రతి స్క్రూనీ ఒక అట్ట మీద యంత్రం అడుగు బొమ్మ గీసి, ఏ గుంటది ఆ చోటే గుచ్చి పెట్టండి. పొడుగు తేడా ఉంటుంది. పొడుగు స్క్రూ పొట్టి గుంటలో వేస్తే లోపల వైరుని గుచ్చుతుంది.

ఫ్యాన్ కింద

సందర్భం కలిసింది కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. టేబుల్ ఫ్యాన్ రెక్కలు కడుగుదామంటే ముందున్న ప్లాస్టిక్ మూత నట్టు ఎంత తిప్పినా రావట్లేదు. ఇంకా బిగుసుకుంటోంది. దీనికీ ఏదైనా వింత బిట్ ఉందా?

పాతరెంచి

బిట్ అక్కర్లేదు, తిప్పే వైపు మార్చండి. అది ఎడమ మర. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. ముందునుంచి చూస్తే రెక్క కూడా అటే తిరుగుతుంది, మామూలు మర వేస్తే మోటారు మొదలైన ప్రతిసారీ నట్టు కొద్దికొద్దిగా వదులవుతూ ఒకరోజు రెక్కతో సహా ఎగిరొస్తుంది. తిరిగే ఇరుసు మీద ఉండే నట్లకి చాలావరకు ఇదే సూత్రం: నట్టు ఉన్న వైపు నుంచి చూసి, ఇరుసు ఎటు తిరుగుతుందో అటు తిప్పి విప్పండి. మీ ఫ్యాన్‌లో రెక్క తీశాక వెనక జల్లెడ పట్టుకున్న ఇంకో పెద్ద నట్టు ఉంటుంది, అది తిరగదు కాబట్టి మామూలు మరే. మూత మీద బాణం గుర్తు పోసి ఉంటుంది, దుమ్ము తుడిచి చూడండి.

ఎడమ మరలు కనబడే ఇంకో చోటు గ్యాస్ గొట్టాల అతుకులు. నట్టు మూలల్లో చిన్న గాట్లు పెట్టి ఉంటే ఎడమ మర అని గుర్తు. వాటి జోలికి మాత్రం మీరు పోకండి.

ఫ్యాన్ కింద

వచ్చేసింది! చేత్తోనే.

గోరింట

నావీ రెండూ వచ్చాయి. మొదటిది 'టప్' మని చప్పుడు చేసి వదిలింది, ప్లాస్టిక్ విరిగిందేమో అనుకుని భయపడ్డాను గానీ ఏమీ కాలేదు. అయినా బాడీ మాత్రం తెరుచుకోవట్లేదు. వెనక వైపు వేలు దూరేంత సందు వచ్చింది, ముందు వైపు ఏదో పట్టి ఉంచింది. ఇంకా లాగనా?

పాతరెంచి

లాగకండి. తెరుచుకోని వైపు ఇంకో స్క్రూ దాగి ఉంది, లేదా కొక్కెం ఉంది. కంపెనీ వివరాల స్టిక్కర్ ఆ వైపు ఉందా? బొటనవేలితో దాని మీద అంతటా నొక్కుతూ పోండి. ఎక్కడైనా గుండ్రంగా లోపలికి దిగితే కింద స్క్రూ ఉన్నట్టే. రబ్బరు పాదాలుంటే వాటి కింద చూడండి. గాలి బలం మార్చే బిళ్ల ఉంటే దాన్ని నిటారుగా పైకి లాగితే ఊడొస్తుంది, దాని వెనక చూడండి. ఇవేవీ కాకపోతే అప్పుడు కొక్కేలు. అతుకు సందులో పనికిరాని ప్లాస్టిక్ కార్డు పెట్టి జరుపుతూ వెళ్తే ఎక్కడ ఆగుతుందో అక్కడ కొక్కెం. దాన్ని లోపలికి నొక్కాలి, మీదికి కాదు. మైనస్ స్క్రూడ్రైవర్‌తో మీటితే అంచు తెల్లబడి విరుగుతుంది.

తొందర

స్టిక్కర్ కింద ఉంటుందని నేను పందెం కాస్తా.

గోరింట

తొందర గారు గెలిచారు. స్టిక్కర్ కిందే ఉంది, ప్లస్‌దే. పైగా దాని తల మీద పాతరెంచి గారు చెప్పిన చుక్క కూడా ఉంది. ఉన్నవాటిలో సరిగ్గా కూర్చున్న మొన వెతికి తీశాను.

లోపల మోటారు నోటి దగ్గర జల్లెడ మీద పల్చటి ప్లాస్టిక్ కవరు ముక్క అతుక్కుని ఉంది, దాని మీద దుమ్ము మందంగా గట్టిపడింది. తీసేశాను. మోటారుని ఇంకేమీ విప్పలేదు, వైరు చక్రం జోలికి పోలేదు. పని అయిపోయినట్టే. ఒక్కటి మిగిలింది: వెనక చక్రం ఇరుసుకి జుట్టు చుట్టుకుని బిగుసుకుపోయింది, శుభ్రం చేద్దామంటే ఇరుసు చివర ఒక పల్చటి టోపీ లాంటి రేకు ఉంది. గాడి లేదు, పలకలు లేవు, తిప్పడానికి ఏమీ లేదు. ఇదేమిటి?

పాతరెంచి

అది తిప్పేది కాదు. నొక్కి ఎక్కించే వాషర్. లోపలి వైపు పళ్లుంటాయి, ఒకవైపే దిగుతాయి, వెనక్కి రావు. మీటి తీస్తే పళ్లు వంగిపోతాయి కాబట్టి మళ్లీ అదే పెట్టకూడదు, ఇరుసు కొలత చూసుకుని అదే సైజు కొత్తది ముందే తెచ్చి పెట్టుకోవాలి. ఊరికే జుట్టు కోసమైతే దాన్ని కదపకండి. సన్న కత్తెర మొన చక్రానికీ బాడీకీ మధ్య దూర్చి జుట్టుని అడ్డంగా కత్తిరించి, చిన్న పట్టుకారుతో ముక్కలుగా లాగేయండి. సరిపోతుంది.

మళ్లీ బిగించేటప్పుడు ప్లాస్టిక్‌లో దిగే స్క్రూలని తిన్నగా తోయకండి. గుంటలో పెట్టి ముందు విప్పే వైపు మెల్లగా తిప్పండి. ఒకచోట స్క్రూ 'టక్' మని కిందికి జారుతుంది, అది పాత మరలో పడిన గుర్తు. అక్కడినుంచి బిగించండి. తల ఆనగానే ఆపేయండి. మర పట్టుగా ఉండాలని జిగురు మందులేవీ వేయకండి, లోహపు మరలకి వేసే ఆ ద్రావకాలు ప్లాస్టిక్‌ని పగలగొడతాయి. ఆ రెండు ముక్కోణాల చోట అదే పొడుగు, అదే లావు, అదే మర ఉన్న ప్లస్ స్క్రూలు దొరికితే అవే వేసేసుకోండి.